ఉసిరిచెట్టు కింద నాపరాళ్ళు

భ్రమరాంబ గారికి ఒక అలవాటు ఉండేది. దాహం వేసి నీళ్ళు తాగితే చెంబులో కాసిని మిగిల్చేవారు. ఆ మిగిలిన నీళ్ళను తాను కూర్చున్న నాపరాళ్ళ చప్టా మీద, గోడవైపు అంచున సన్నని ధారగా వంపి, అవి ఎటు పోతాయో చూస్తూ ఉండేవారు. నీళ్ళు రాళ్ళ మీదుగా పాకి, అవతలి అంచున కనకాంబరాల మడిలోకి దిగిపోయేదాకా ఎవరు ఏమడిగినా పలికేవారు కాదు. కొత్తగా వచ్చినవాళ్ళు అదేదో అర్ఘ్యం అనుకుని చేతులు జోడించేవారు. ఆవిడ అవుననేవారూ కాదు, కాదనేవారూ కాదు.

ఆవిడకు మఠమూ పీఠమూ లేవు. పల్నాడులో, నల్లరేగడి చేల మధ్య మా ఊరు. ఆ ఊళ్ళో ఆవిడకు ఒక పెంకుటిల్లు, వెనక చిన్న తోట, తోటలో ఈ చప్టా. ఏకాదశినాటి మధ్యాహ్నం ఆడవాళ్ళం అక్కడ చేరేవాళ్ళం. మా ఇంట్లో ఆడవాళ్ళందరికీ మంత్రం చెప్పింది ఆవిడే, మందలించిందీ ఆవిడే. అందరం అమ్మగారు అనేవాళ్ళం.

మా మేనత్త సీతారత్నం ఒకనాడు ఆవిడను ఒక ప్రశ్న అడిగింది. ఆ రోజు నేను లేను, ఉన్నవాళ్ళు తర్వాత చెప్పారు. అత్తకు ఒక తోడికోడలు ఉంది, పేరు రాజ్యం. ఇద్దరివీ పక్కపక్క ఇళ్ళు. వాళ్ళ మామగారు పోయినప్పటి నుంచీ ఇద్దరికీ పడేది కాదు. ఆయనకు జబ్బు ముదిరినప్పుడు రాజ్యం భర్త ఆయన్ని గుంటూరు తీసుకెళ్ళాడు, రాజ్యం వెంట ఉంది. ఆయన పోయాకే సీతారత్నం అత్తకు కబురు అందింది. పాతికేళ్ళు తాను వండి అన్నం పెట్టిన మనిషికి ఆఖరికి గుక్కెడు నీళ్ళు పోయలేకపోయింది. పెద్దలు ఇద్దరినీ దేవుడి ముందు నిలబెట్టి, ఆ సంగతి మళ్ళీ ఎత్తవద్దని చెప్పి, చేతులు కలిపించారు. చీరలు పెట్టుకున్నారు, బొట్లు పెట్టుకున్నారు. కొన్నాళ్ళు బాగానే ఉంటారు. తర్వాత ఏదో ఒక చిన్న మాట దగ్గర మళ్ళీ మొదటికి వస్తుంది. ఆ ఏడు అది వడియాల దగ్గర వచ్చింది. రాజ్యం ఆరబెట్టిన వడియాల మీద అత్త తడిచీర నీళ్ళు కారాయట.

"వడియాలు పెట్టడం మానేస్తే సరి," అంది పక్కన కూర్చున్న ఒక ముసలావిడ. అందరూ నవ్వారు. అత్త కూడా నవ్వబోయింది గాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నేను మనసులో ఏమీ పెట్టుకోలేదమ్మగారూ," అంది. "మామగారి సంగతి ఎత్తొద్దన్నారు, ఎత్తలేదు. తనూ ఎత్తలేదు. నవ్వుతూనే పలకరించుకుంటాం. అయినా ఎప్పుడో ఒకప్పుడు కాలు జారుతుంది. తప్పు నాదా, తనదా? ఎవరి గుణం మార్చుకోవాలో చెప్పండి. నాదే అయితే నేనే మార్చుకుంటాను."

అమ్మగారు చెంబు అందుకుని రెండు గుక్కలు తాగారు. మిగిలినవి గోడ అంచున వంపారు. నీళ్ళు కనకాంబరాల్లోకి దిగాక, "మీ వీధి చివర చెన్నకేశవులు వాళ్ళ అమ్మ ఉండేది, అక్కమ్మ. నువ్వు కాపరానికి వచ్చేసరికే పోయిందిలే," అని మొదలుపెట్టారు. అప్పట్లో భ్రమరాంబ గారికి చిన్న వయసు. ఆ ఇంటి బంతిలో కూర్చుని భోంచేసిన మనిషి. కనుక ఇది ఆవిడ విన్న సంగతి కాదు, చూసిన సంగతి.

అక్కమ్మ దొడ్లో ఒక పెద్ద ఉసిరిచెట్టు ఉండేది. కార్తీకమాసంలో ఒక ఆదివారం ఆ చెట్టు కింద వీధి వీధంతటికీ భోజనాలు పెట్టేది. వంటకు ఎవరు సాయం పట్టినా ఒప్పుకునేది గాని, పెరుగు మాత్రం తన చేత్తోనే వడ్డించాలి. ఆ చేతి పెరుగుతో గాని బంతి ముగిసినట్టు కాదని ఆమె పట్టు. వయసు మళ్ళాక కళ్ళకు శుక్లాలు వచ్చాయి. మనుషులు నీడల్లా తెలిసేవాళ్ళు, అంతే. అయినా పెరుగుకుండ చంకన పెట్టుకుని, వట్టి కాళ్ళతో, బంతి ఈ కొస నుంచి ఆ కొసకు తడబడకుండా నడిచేది. నేల ఆమె కాళ్ళకు తెలుసు. ఎక్కడ మిట్ట, ఎక్కడ పల్లం, చెట్టువేరు ఎక్కడ పైకి తేలింది, అన్నీ తెలుసు. "కళ్ళతో పనేముందే, ఆకుల్ని వాసన పట్టి పోతా," అనేది.

కొడుకు చెన్నకేశవులుకు తల్లి అంటే ప్రాణం. అమ్మ ఆ ఎగుడుదిగుడు నేలమీద ఎన్నాళ్ళు నడుస్తుంది, వచ్చినవాళ్ళు బురదలో చాపలేసుకుని ఎన్నాళ్ళు కూర్చుంటారు అని, చెట్టు కింద నాపరాళ్ళు పరిపించాలని తలపెట్టాడు. చైత్రంలో మీరావలి మేస్త్రిని పిలిచాడు. రాళ్ళు మాచర్ల నుంచి బండ్ల మీద వచ్చాయి.

రేగడి సంగతి మీకు తెలియనిది కాదు. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. ఆ రోజుల్లో అది ఎండి ఇనుములా ఉంది. మీరావలి గడ్డపార వేస్తే ఠంగుమని వెనక్కి వచ్చింది. "ఇంతకంటే గట్టి పునాది ఎక్కడ దొరుకుతుందయ్యా," అన్నాడు మీరావలి. చెన్నకేశవులుకూ అలాగే తోచింది. ఇద్దరూ పుట్టింది ఈ నేలమీదే. శ్రావణంలో బండి చక్రం ఇరుసు దాకా దిగబడటం ఇద్దరూ చూసినవాళ్ళే. కాని చైత్రంలో ఎండిన నేల మీద నిలబడితే శ్రావణం ఎవరికీ గుర్తుకు రాదు. నెర్రెల్లోకి ఇసుక తోసి, పైన ఇంత సున్నం కలిపిన అడుసు వేసి, రాళ్ళు పరిచేశారు.

ఇంకో ముచ్చట కూడా జరిగింది. మేస్త్రి ఆ చప్టాకు కాస్త వాటం పెడతానన్నాడు, అంటే నీళ్ళు ఒక వైపుకు జారిపోయేటట్టు ఆ వైపు కొంచెం పల్లంగా. చెన్నకేశవులు ఒప్పుకోలేదు. "బంతి భోజనాలకయ్యా ఇది. వాటం పెడితే ఆకుల్లో చారంతా పల్లానికి పారి పక్కవాడి ఒళ్ళో పడుతుంది. నిలువుటద్దంలా మట్టంగా ఉండాలి," అన్నాడు. మీరావలికి అదీ నిజమే అనిపించింది. రసమట్టం పెట్టి, నలుమూలలా నీటిబుడగ నడిమికి వచ్చేదాకా సరిచేశాడు. దొడ్లో మట్టి లోపలికి కొట్టుకు రాకుండా చుట్టూ జానెడు గట్టు కూడా కట్టాడు. చూసినవాళ్ళంతా పెళ్ళిపీటలా ఉందన్నారు. అక్కమ్మ దాని మీద అటూ ఇటూ నడిచి, అరికాళ్ళతో తడిమి, "చల్లగా ఉందిరా నాయనా," అని కొడుకు తల నిమిరింది.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. కార్తీకం వచ్చింది. బంతి కూర్చుంది. అన్నీ అయ్యాక అక్కమ్మ పెరుగుకుండతో వచ్చింది. సగం దూరం బాగానే నడిచింది. ఉసిరి మొదలు దాటగానే ఒక్కసారిగా ముందుకు తూలి, మోకాలి మీద పడింది. కుండ పగల్లేదు గాని పెరుగంతా ఎదురుగా కూర్చున్న వాళ్ళ వియ్యంకుడి ఒళ్ళో పడింది.

"ఆకులోకి అడిగాను గాని అక్కయ్యా, పంచెలోకి అడగలేదే," అన్నాడాయన. మంచి మనిషి. ఆమె సిగ్గుపడకూడదని అన్నాడు. బంతి అంతా నవ్వింది. అక్కమ్మా నవ్వింది. చెన్నకేశవులు వచ్చి తల్లిని లేపి, చేతిలో కుండ మెల్లగా తీసుకుని, "చాల్లేమ్మా, నువ్వు కూర్చో. నేను వడ్డిస్తా," అన్నాడు. ఆ మాటలో విసుగు లేదు, ప్రేమే ఉంది. ఆమె పోయి గోడవారన కూర్చుంది.

ఆ రోజు నుంచి అక్కమ్మ మనిషి తగ్గిపోయింది. "నా కాళ్ళు పోయాయే," అంది కోడలు మల్లమ్మతో. కళ్ళు పోయినప్పుడు కూడా ఆమె ఇంత దిగులు పడలేదు. కళ్ళ పని కాళ్ళు చేసిపెట్టాయి. ఇప్పుడు కాళ్ళ పని చేయడానికి ఏమీ మిగల్లేదు. దొడ్లోకి పోవడం మానేసింది. తర్వాత వసారా దిగడం మానేసింది. ఇంట్లో నడిచినా గోడ పట్టుకునే నడిచేది. చూడవచ్చినవాళ్ళు జాలిపడి, "వయసు వచ్చింది గదా పిన్నమ్మా, ఇంకా ఎన్నాళ్ళు చేస్తావు," అనేవాళ్ళు. మంచిమాటే. కాని విన్నకొద్దీ ఆమె మరింత నమ్మింది. భాద్రపదం నాటికి తానే కోడల్ని పిలిచి, "ఈ ఏడు పెరుగు నువ్వే వడ్డించు. చెయ్యి జాగ్రత్తగా పట్టు, గరిటె అంచు ఆకుకు తగలనీయకు," అని అప్పగింతలు పెట్టింది. మల్లమ్మ ఆ మాట వింటూ పైటకొంగు నలుపుతూ నిలబడిందట.

వాన వెలిసిన ఒక పొద్దున మల్లమ్మ ఉసిరి కొమ్మ చూసి వద్దామని దొడ్లోకి వెళ్ళింది. చెట్టు మొదలు దాటి ఒక రాయి మీద కాలు వేసేసరికి, సందులోంచి బురదనీళ్ళు పిచికారీలా లేచి చీరంతా చిమ్మాయి. లోపలికి వస్తూ, "ఏం రాళ్ళో ఇవి, కాలు వేస్తే ఉమ్ముతున్నాయి," అని గొణుక్కుంది.

వసారాలో మంచం మీద ఉన్న అక్కమ్మ తల తిప్పింది. "ఏ రాయి?"

"అదే అత్తా, చెట్టు దాటాక. గట్టు వైపు."

అక్కమ్మ మంచం మీద లేచి కూర్చుంది. తర్వాత చెయ్యి చాపింది. "నన్ను అక్కడికి తీసుకుపో."

మల్లమ్మ చెయ్యి పట్టుకుని నడిపించింది. ఏడాది తర్వాత దొడ్లోకి అదే రావడం. ఆ రాయి దగ్గర ఆగి, అక్కమ్మ ఒక కాలు దాని మీద మోపింది. బరువంతా దాని మీదికి తెచ్చింది. రాయి కిందికి ఒరిగింది, నీళ్ళు చిమ్మాయి. కాలు మార్చింది. రాయి అటు ఒరిగింది. అలా కాలు మార్చి కాలు మోపుతూ, ఉయ్యాల మీద పిల్లలా, ఆ ఒక్క రాయి మీదే చాలాసేపు నిలబడింది. తర్వాత పక్కకు దిగింది.

"మల్లమ్మా, నువ్వు నిలబడు."

మల్లమ్మ నిలబడింది.

"నీకూ కదిలిందా?"

"కదిలింది అత్తా."

అక్కమ్మ ఒక పెద్ద ఊపిరి వదిలింది. ఆ వదిలిన ఊపిరి ఏడాదిగా పట్టి ఉంచినదేనని మల్లమ్మ ఎన్నో ఏళ్ళ తర్వాత భ్రమరాంబ గారితో చెప్పిందట.

చెన్నకేశవులు వచ్చాడు, మీరావలినీ పిలిపించాడు. రాయి లేపి చూస్తే అడుగున పునాది అనుకున్నది ఏమీ లేదు. నల్లటి పిండిలాంటి బురద, దాని మీద నిలిచిన నీళ్ళు. ఎండలో ఇనుములా ఉన్న నేల వానకు ఉబ్బి, రాళ్ళను పైకి తోసి, తర్వాత తన దారిన తాను కుంగిపోయింది. పైన పడ్డ నీళ్ళకు వాటం లేదు, అంచున గట్టు. కాబట్టి అవి సందుల్లోంచి లోపలికే దిగి, బయటికి పోయే దారి లేక అక్కడే కాపరం పెట్టాయి. ఇద్దరూ చాలాసేపు గొంతుకూర్చుని చూశారు. ఒకరినొకరు ఏమీ అనుకోలేదు. అనుకోవడానికీ లేదు, ఇద్దరూ కలిసి చేసిన పనే.

చెన్నకేశవులుకు తల్లి వైపు చూడటం కష్టంగా ఉంది. ఆ తొందరలో, "సందులన్నీ సిమెంటుతో మూసేస్తే ఇంక నీళ్ళు దిగవు గదా మీరావలీ. ఇవాళే చేసేద్దాం," అన్నాడు.

మీరావలి నోరు తెరిచేలోగా అక్కమ్మ అంది, "పైన మూస్తే సరేరా. లోపల ఉన్నవి ఎటు పోతాయి?"

కొడుకు ఆ బురదలోకి మళ్ళీ వంగి చూశాడు. "అదంతా తవ్వి వాటం పెట్టాలంటే, చారు మాట..." అని నసిగాడు.

"చారు ఆకు మీద పోయించుకుంటార్రా ఎవరైనా? అన్నంలో గుంట చేసి పోయించుకుంటారు. ఇన్నేళ్ళు తిన్నావు, చూసుకోలేదా?"

మీరావలి తలగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. చెన్నకేశవులు కూడా నవ్వాడు. నవ్వుతూనే తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని, ఆ బురదకాళ్ళు రెండూ చేతుల్లోకి తీసుకున్నాడు. "నీ కాళ్ళేమీ పోలేదమ్మా," అన్నాడు. ఆమె, "తెలిసిందిలే," అంది.

అప్పటికప్పుడు తవ్వడం కుదరలేదు. తడి రేగడిలో పార దిగితే పైకి రాదు, వచ్చినా నేలను పైకి తెచ్చుకునే వస్తుంది. ఎండలు ముదిరితే గడ్డపారే దిగదు. ఆ రెంటికీ మధ్య, వానలు పూర్తిగా వెనుకబట్టి నేల ముద్ద కట్టకుండా పొడిపొడిగా విరిగే రోజులు కొన్ని ఉంటాయి. పదును మీద ఉంది అంటాం మనం. దానికోసం ఆగారు. రాళ్ళన్నీ లేపి ప్రహరీకి ఆనించి, ఆ కార్తీకం పచ్చి నేల మీదే చాపలు పరిచారు. వచ్చినవాళ్ళ పంచెలకు, చీరలకు బురద అంటింది. అక్కమ్మ పెరుగుకుండ చంకన పెట్టుకుని వచ్చింది. ఉసిరి మొదలు దగ్గర ఒక్క క్షణం ఆగి, కాలితో తడిమి, ముందుకు నడిచింది. వియ్యంకుడు ఆమె వస్తుంటే ఒళ్ళో కండువా పరుచుకుని కూర్చున్నాడు. "ఎందుకైనా మంచిదని," అన్నాడు. ఆమె అతని ఆకులో రెండు గరిటెలు ఎక్కువే వేసింది.

మాఘంలో తవ్వారు. ఆ మేరకు రేగడి అంతా మోకాలిలోతు ఎత్తి చేనికి తోలారు. గుంటలో పెద్ద రాళ్ళు పేర్చి, ఎర్రటి గరుసుమట్టి పొరపొరగా వేసి, ప్రతి పొరకూ నీళ్ళు పోసి దిమ్మిసతో కొట్టారు. తొందరపడిన చోట మీరావలే ఆపి మళ్ళీ కొట్టించాడు. దాని మీద ఇసుక, ఇసుక మీద రాళ్ళు. చెట్టు వైపు నుంచి దొడ్డి చివరి అరటిచెట్ల వైపుకు, కూర్చున్నవాళ్ళకు తెలియనంత వాటం. ఆ వైపు గట్టు తీసేశారు. పని అయ్యాక చూస్తే ముందరి చప్టాకూ దీనికీ తేడా ఎవరికీ కనపడలేదు. అవే రాళ్ళు, అదే చెట్టు. చూడవచ్చిన ఒకాయన, "ఇంత చేసి ఏం మార్చారయ్యా?" అని కూడా అడిగాడు.

అక్కమ్మ మాత్రం ఆ తర్వాత బతికినన్నాళ్ళూ, సాయంత్రాలు చెంబుతో వచ్చి చెట్టు వైపు నీళ్ళు వంపేది. అరికాలు రాయికి ఆనించి, తడి తన వేళ్ళ కింద నుంచి అరటిచెట్ల వైపు పోవడం తెలిశాకే లోపలికి వెళ్ళేది.

ఇంతవరకు చెప్పి అమ్మగారు ఆగారు. వడియాల మాట అన్న ముసలావిడ తల వంచుకుని కూర్చుంది. సీతారత్నం అత్త చాలాసేపు ఆ రాళ్ళ మీద వేలితో గీస్తూ ఉండిపోయింది. చివరికి, లోగొంతుకతో, "ఎత్తొద్దన్నారు గదమ్మగారూ పెద్దలు. ఇప్పుడు లేపితే ఉన్నది కూడా పాడవుతుందేమో," అంది.

అమ్మగారు దానికి ఏం చెప్పారో ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళలో నాకు ఎవరూ చెప్పలేదు. సీతారత్నం అత్త కూడా చెప్పలేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత, సీతారత్నం అత్త కాళ్ళకు నూనె రాస్తూ, రాజ్యమత్తే చెప్పింది. ఆ రోజు సీతారత్నం అత్త తాగి పక్కన పెట్టుకున్న చెంబులో ఇంకా రెండు గుక్కల నీళ్ళు ఉన్నాయట. అమ్మగారు ఆ చెంబు తీసి అత్త చేతిలోనే పెట్టి, వంపమని సైగ చేశారట. ఆ నీళ్ళు కనకాంబరాల్లోకి దిగిపోయాక అన్నారట:

"మాఘమాసమేగా, సీతారత్నం. నేల ఇంకా పదును మీదే ఉంది."